పసివాని తలవంపు – కంటికండరముల చికిత్స



తలవంపు అను మాటకు మన తెలుగున రెండర్థములు గలవు. తల వంగియుండుట యొకటి. నలుగురిలో పరువు పోవుట రెండవది. కొందరు పసిబిడ్డలకు మొదటిది పుట్టుకతో వచ్చును. రెండవది దాని వెంట పెద్దల నోటినుండి వచ్చును. అట్టి బిడ్డ బొమ్మను చూచినను, పలకను చూచినను, తల్లి మొగమును చూచినను ముఖమును ఒక ప్రక్కకు త్రిప్పి చూచును. లేదా తలను ఒక భుజముమీదికి వాల్చి చూచును. లేదా గడ్డము పైకెత్తి చూచును. తిన్నగా చూడుమని తండ్రి గద్దించును. మెడ పట్టినదని అమ్మమ్మ నూనె రాచి తోమును. బడిలో పంతులుగారు రెండు చేతులతో తలను పట్టి సరిగా నిలుపుదురు. చేతులు తీయగానే తల మరల తన చోటికే పోవును.

ఆ బిడ్డ మొండితనము చేయుటలేదు. అనేక సందర్భములలో ఆ మెడయందు దోషమే యుండదు. దోషము కంటిలో నుండును. ఆ కంటికి ఉపకారము చేయుటకై తల తిరిగియుండును. ఇంత చిన్న సంగతిని గ్రహించుటకు వైద్యలోకమునకు బహుకాలము పట్టినది. ఆ చరిత్రను నేడు మనవి చేయుదును. శ్రీరాంపూరు వంటి బొగ్గుగనుల సీమలో ఇది ముఖ్యముగా చెప్పదగినది. ఏలయన ఆ చరిత్రలో ఒక అధ్యాయము గనికార్మికుల కన్నులవలననే తెలియవచ్చినది.

మొదట కంటి నిర్మాణమును కొంచెము తెలిసికొందము. ప్రతి కంటిగ్రుడ్డును ఆరు కండరములు పట్టియుండును. నాలుగు తిన్నని కండరములు. అవి కంటిని లోపలికి, వెలుపలికి, పైకి, క్రిందికి లాగును. రెండు ఏటవాలు కండరములు. అవి కంటిని కొంత మెలిత్రిప్పుచు నిలువుచూపునకు తోడ్పడును. రెండు కన్నులకు కలిసి పండ్రెండు కండరములు. ఒక బండికి కట్టిన ఎడ్లజత సమముగా నడచినట్లు ఈ పండ్రెండును సమముగా నడచిననే రెండు కన్నులకు కనబడు రెండు బొమ్మలు మెదడునందు ఒక్కటి యగును.

ఇందులో ఒకటి బలహీనమైన దనుకొందము. పై ఏటవాలు కండరము పుట్టుకతోనే బలహీనమైన బిడ్డకు ఒకే వస్తువు ఒకదాని మీద నొకటిగా రెండై కనబడును. తలను ఆరోగ్యముగల కంటివైపు భుజముమీదికి వాల్చినచో ఆ రెండును కలిసి ఒక్కటి యగును. ఎవరును చెప్పకుండగనే బిడ్డ ఆ ఉపాయమును కనుగొనును. వెలుపలికి లాగెడి కండరమునకు నరము సరిగా చేరని మరియొక బిడ్డ ముఖమును ప్రక్కకు త్రిప్పును. కనురెప్ప వాలినవాడు గడ్డమెత్తి రెప్పసందున చూచును.

ఇక మూడవ తెగ గలదు. ఈ బిడ్డల కనుగ్రుడ్లు పుట్టిన కొద్ది నెలలనుండియే గడియారపు లోలకమువలె నిరంతరము అటు నిటు ఊగులాడుచుండును. దీనిని వైద్యులు నిస్టాగ్మస్ అందురు. ఊగెడి కంటికి అక్షరము నిలువదు. కాని వీరిలో చాలమందికి ఏదో యొక దిక్కునకు, ఎడమకో కుడికో, చూచునప్పుడు ఊగులాట మిక్కిలి తగ్గును. అది ఆ కంటికి విశ్రాంతిస్థానము. ఎడమచూపున కన్ను నిలిచెడి బిడ్డ ముఖమును కుడికి త్రిప్పి, ఎడమ కనుకొలకులనుండి ఎదుటి వస్తువును చూచును. అనగా తన విశ్రాంతిస్థానమును లోకమునకు ఎదురుగా పెట్టుకొనును. కన్ను ఎచ్చట నెమ్మది పొందునో అచ్చటికి తల పోవును. ఈ ప్రసంగమున జ్ఞాపకముంచుకొనదగిన న్యాయము ఇదియే.

ఈ న్యాయము పెద్దలయెడ కొట్టవచ్చినట్లు కనబడినది ఐరోపాఖండపు బొగ్గుగనులలో. 1861లో బెల్జియముదేశపు వైద్యుడు డెకొండే గనికార్మికులలో కన్నుల ఊగులాటను వర్ణించెను. దీపములు నాట్యమాడుచున్నట్లు తోచుట, తలనొప్పి, వెలుతురు సహింపకుండుట, చీకటిలో తడబాటు దాని లక్షణములు. ఈ రోగులలో కొందరు గనివెలుపల వీధిలో నడచునపుడు తలను వెనుకకు వాల్చి, రెప్పలు దించుకొని, క్రిందిచూపుతో నడచెడివారు. తెలియనివారికి అది గర్వముగా తోచియుండును. పైచూపున ఊగులాట హెచ్చి క్రిందిచూపున తగ్గుటయే దానికి కారణము. పసిబిడ్డ తెలియక చేసిన పనినే ఆ ముదిరిన కార్మికులును చేయుచుండిరి.

ఈ వ్యాధికి కారణమేమి యను విషయమున పెద్ద వాదము నడచినది. షెఫీల్డు నగరపు నేత్రవైద్యుడు సిమియన్ స్నెల్ 1892లో ప్రకటించిన గ్రంథమున, కార్మికుడు ప్రక్కవాటుగా పండుకొని బొగ్గుపొర అడుగును త్రవ్వుచు కన్నులను ఏటవాలుగా పైకెత్తి గంటలకొలది పనిచేయుటయే కారణమనెను. లిస్టర్ లెవెలిన్ 1912 నాటి తన గ్రంథమున, భంగిమ కాదు, వెలుతురు చాలకుండుటయే మూలమనెను. 1815లో హంఫ్రీ డేవీ కల్పించిన రక్షణదీపము గనిలోని వాయువు అంటుకొనకుండ వేలమంది ప్రాణములను కాచినది. కాని దాని జాలితెరలోనుండి వచ్చు వెలుతురు ఒక క్రొవ్వొత్తి వెలుతురుకైనను తీసికట్టు. నల్లని బొగ్గు ఆ కొద్ది వెలుతురును మ్రింగివేయును. ఈ వ్యాధి 1907లో బ్రిటనునందు కార్మికుల నష్టపరిహారపు చట్టము క్రింది వ్యాధులలో చేరినది. 1922లో అచ్చటి వైద్యపరిశోధన మండలి నియమించిన సంఘము కూడ చాలని వెలుతురే ముఖ్యకారణమని నిర్ణయించినది. టోపీకి తగిలించెడి విద్యుద్దీపములు వ్యాపించిన వెనుక, యంత్రములు బొగ్గు కోయనారంభించిన వెనుక ఆ వ్యాధి అణగిపోయినది.

మన ప్రాణహిత గోదావరి లోయలో 1871లో విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1927లో బెల్లంపల్లి గనులు తెరువబడినవి. అటుపిమ్మట గోదావరికి ఈవలను ఆవలను మందమర్రి, శ్రీరాంపూరు, రామగుండము గనులు వెలసినవి. ఈ సీమలో తండ్రి తలమీది దీపమును ఎరుగని బిడ్డ యుండడు. కనుక ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. గనికార్మికులకు వచ్చిన ఆ వ్యాధి వేరు, బిడ్డకు శైశవమున వచ్చు ఊగులాట వేరు. తండ్రి గనిలో పనిచేయుటవలన గాని, ఇంటిలో బొగ్గుపొడి పడుటవలన గాని బిడ్డకు ఇది రాదు. రెంటికిని సామాన్యమైనది కన్ను నెమ్మదికొరకు తల వంగుట యను న్యాయ మొక్కటియే.

ఇక శస్త్రచికిత్స చరిత్రకు వత్తము. దాని ఆరంభము అంత గౌరవకరమైనది కాదు. పదునెనిమిదవ శతాబ్దమున జాన్ టెయిలర్ అను ఆంగ్లేయుడు ఐరోపా యంతట తిరుగుచు మెల్లకన్నును సరిచేయుదునని చాటించెడివాడు. మెల్లకంటి పైపొరను కొంచెము కత్తిరించి, మంచికంటికి పట్టీ వేయువాడు. మంచికన్ను మూయగానే మెల్లకన్ను చూచుటకై తిన్నగా తిరుగును. జనులు హర్షధ్వానములు చేయుదురు. పట్టీ విప్పు దినము వచ్చునప్పటికి ఆయన మరియొక యూరిలో నుండును.

నిజమైన ఆరంభము మెడనుండి వచ్చినది. జర్మనీదేశమున స్ట్రోమేయర్, డీఫెన్‌బాక్ అను శస్త్రవైద్యులు వంకరకాళ్లను, వంకరమెడలను, బిగిసిన కండరములను చర్మముక్రింద కోసి సరిచేయుటలో ప్రసిద్ధులు. కాలును మెడను సరిచేసిన ఉపాయము కంటికి మాత్రమేల పనికిరాదని స్ట్రోమేయర్ తలచి, 1838లో మృతదేహముపై చేసిచూచి వివరించెను. 1839 అక్టోబరు 26వ తేదీన బెర్లినులో డీఫెన్‌బాక్ ఏడేండ్ల బాలుని మెల్లకన్నునకు లోపలివైపు లాగెడి కండరమును కోసెను. అప్పటికి మత్తుమందు లేదు. ఈథరు బాస్టను నగరమున వాడుకలోనికి వచ్చినది 1846లో. ఆ బాలుడు మెలకువతోనుండగనే కోత జరిగినది. కన్ను తిన్ననయ్యెను. మూడు దినములకే బ్రస్సెల్సులో క్యూనియే అట్టి కోతనే చేసెను. ఏడాది తిరుగకమునుపే ఐరోపా నగరము లన్నిటను ఇదియే మాట. డీఫెన్‌బాక్ ఒక్కడే వేయికి పైగా చేసెను.

ఫలము మాత్రము శాశ్వతము కాలేదు. పూర్తిగా తెగిన కండరము వెనుకకు జారిపోయి ఎక్కడనో అంటుకొనెడిది. కొంతకాలమునకు లోపలికి చూచిన కన్ను వెలుపలికి చూడనారంభించెడిది. ఒక వంకర పోయి మరియొక వంకర వచ్చెను. ఈ చికిత్సకు అపకీర్తి కలిగెను. బెర్లినునందే ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే దానిని ఉద్ధరించెను: కండరమును తెగకొట్టుట కాదు, కొలతకు లోబరచి సడలించుట అని. 1922లో అమెరికాయందు జేమ్సన్ కండరపు అంచును వెనుకకు జరిపి కంటిగ్రుడ్డుకే కుట్టెడి పద్ధతిని స్థిరపరచెను. అప్పటినుండి ఈ చికిత్స మిల్లీమీటర్ల లెక్కకు వచ్చినది.

ఇంతలో తలవంపు సంగతి వేరుగా తేలవలసియుండెను. మెడ వంకరయని మెడకండరమును కోసినను వంపు పోని రోగులు వైద్యులకు ఎదురగుచుండిరి. 1873 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు వైద్యుడు క్యూన్యే ఇట్టి మెడవంపునకు కంటివలన కలిగిన మెడవంపని పేరుపెట్టెను. 1900లో హోఫ్‌మన్, బీల్‌షోవ్‌స్కీ అను ఇద్దరు తలను ఒక్కొక్క భుజమువైపు వాల్చి ఏ కన్ను పైకెగయునో చూచి, ఏ కండరము బలహీనమో చెప్పెడి పరీక్షను వర్ణించిరి. వీరిలో బీల్‌షోవ్‌స్కీ యూదుడు. ముదిమిలో హిట్లరు పాలనవలన జర్మనీ విడిచి అమెరికా చేరి 1940లో మరణించెను. ఆయన పరీక్షను నేటికిని ప్రతి నేత్రవైద్యుడును చేయుచున్నాడు. మెడవంపుగల బిడ్డ చూపును పరీక్షింపకుండ మెడపై కత్తి పెట్టరాదని వైద్యులకు నేర్పినది ఈ పరీక్షయే.

బలహీనమైన కండరముగల బిడ్డకు మార్గము తెలిసినది. దానికి ఎదురుగా లాగెడి క్రింది ఏటవాలు కండరమును సడలించిననో, బలహీనమైన దానిని బిగించిననో రెండు బొమ్మలు ఒక్కటి యగును. తల తనంత తానే నిలువగును. కాని ఊగెడి కన్నులు గల బిడ్డ సంగతి యేమి? ఆ బిడ్డకు మెల్ల లేదు, రెండు బొమ్మలు లేవు, బలహీనమైన కండరము లేదు. వ్యాధి మెదడునుండి వచ్చు ఆజ్ఞలలో నున్నది. అచ్చట కత్తికి పని యేమున్నది?

సమాధానము 1953లో ఒకరితో నొకరికి సంబంధము లేని ఇద్దరినుండి వచ్చెను. ఒకరు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్ను నగరపు జాన్ రింగ్లండ్ ఆండర్సన్. రెండవవారు వియన్నాలో పనిచేసి న్యూయార్కు చేరిన ఆల్ఫ్రెడ్ కెస్టెన్‌బామ్. ఇద్దరి తలపును ఒక్కటియే: ఊగులాటను మాన్పలేకపోయినను, అది నిలిచెడి చోటును ఎదుటికి తేవచ్చును.

ఇది వినుటకు చిత్రముగా నుండును; ఒక ఉదాహరణము చెప్పెదను. ఎడమకు చూచినపుడు కన్ను నిలిచెడి బిడ్డ ముఖమును కుడికి త్రిప్పుకొన్నాడు. శస్త్రవైద్యుడు రెండు కన్నులను ఎడమకు లాగెడి రెండు కండరములను సడలించును. అనగా ఎడమకంటి వెలుపలి కండరమును, కుడికంటి లోపలి కండరమును. ఇంతవరకు ఆండర్సన్ పద్ధతి. కుడికి లాగెడి రెండింటిని కొంత కత్తిరించి కురుచజేసి బిగించుట కెస్టెన్‌బామ్ పద్ధతియందు అధికము. ఇప్పుడు కన్నులు రెండును కొంత కుడికి జరిగినవి. బిడ్డ మెదడు అలవాటుచొప్పున ఎడమకు చూడుమని ఆజ్ఞాపించును. కన్నులు తిన్నగా ఎదుటికి వచ్చి ఆగును. విశ్రాంతిస్థానము ఎదుటనే దొరకినది గనుక ముఖము త్రిప్పవలసిన అగత్యము తీరినది. తలను ఎవరును పట్టి సరిచేయలేదు. తలకు పని లేకుండ జేసిరి.

1973లో అమెరికావైద్యుడు మార్షల్ పార్క్స్ ఈ చికిత్సకు సులభముగా జ్ఞాపకముండు కొలత నిచ్చెను: 5, 6, 7, 8 మిల్లీమీటర్లు. లోపలి కండరము జరుపవలసిన కంటియందు 5, కురుచజేయవలసిన కంటియందు 6. వెలుపలి కండరము జరుపవలసినయెడ 7, కురుచజేయవలసినయెడ 8. ఎట్లు కూడినను ఒక్కొక్క కంటికి 13 మిల్లీమీటర్లు వచ్చును. తల మిక్కిలి తిరిగిన బిడ్డలకు ఈ కొలత చాలదని తెలిసి తరువాతివారు నూటికి 40 వంతులు, 60 వంతులు చొప్పున హెచ్చించిరి.

దీనియందు సాధ్యాసాధ్యములును చెప్పవలెను. ఈ శస్త్రముతో ఊగులాట పూర్తిగా పోదు. కండ్లద్దములు కావలసిన బిడ్డకు తరువాతను కావలెను. కొందరికి కొన్నియేండ్లకు తల కొంత మరల తిరుగవచ్చును. పసివారికి పూర్తిగా మత్తు ఇచ్చియే చేయుదురు గనుక ముందుగా దేహపరీక్ష అవసరము. కాని యెదుటివాని ముఖమును తిన్నగా చూడగలుగుట, పంక్తిలో నొక్కడుగా కూర్చుండి నల్లబల్లను చదువగలుగుట, మెడనొప్పి లేకుండ పెరుగుట బిడ్డకు తక్కువ లాభములు కావు. ఏండ్లకొలది వంగిన తల ముఖపు రెండు భాగములను ఎక్కువతక్కువలుగా పెంచును. మెడయెముకలను కూడ అలవాటు పట్టించును. ఆలస్యమున కది మూల్యము.

మన దేశమున నేత్రవైద్యము క్రొత్తది కాదు. 1819లోనే చెన్నపట్టణమున కంటి ఆసుపత్రి వెలసినది. ఆనాటి రాజధానియందలి తెలుగు జిల్లాలవారికి అది శరణ్యమయ్యెను. హైదరాబాదున సరోజినీదేవి కంటి ఆసుపత్రి తరతరములుగా బీదలకు దిక్కు. 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదునందు నెలకొల్పిన కంటివైద్యసంస్థకు, చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారి దానమువలన ఆయన పేరు వచ్చినది. పసివారి కన్నులకు ప్రత్యేక విభాగము, కంటికండరముల చికిత్సలో శిక్షణ అచ్చట గలవు. ఆ సంస్థవారు 1996 మొదలు 2000 వరకు హైదరాబాదునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల పల్లెలయందును 10,293 మంది కన్నులను పరీక్షించి లెక్కలు తీసిరి. నేడు మంచిర్యాల జిల్లాలోనున్న శ్రీరాంపూరు అప్పటికి ఆదిలాబాదు జిల్లాలోనిదే. 2018లో తెలంగాణ ప్రభుత్వము కంటివెలుగు పేర ఊరూర కంటిపరీక్షలు జరిపి కండ్లద్దములు పంచెను.

సాధనములు సమీపించినవి, కాని అలవాట్లు అంత వేగముగా కదలుట లేదు. మెల్లకన్ను అదృష్టమని మనవారిలో ఒక మాట గలదు. ఆ మాట నమ్మి ఎందరు బిడ్డల చూపు చేజారినదో! మేనరికపు పెండ్లిండ్లు మన తెలుగుదేశమున ఆచారము; తల్లి తండ్రి యిరుపక్షములనుండి ఒకే లోపము కలిసినపుడు పుట్టెడి కంటిజబ్బులు అట్టి సంతానమున హెచ్చు. తెల్లని మేను, తెల్లని వెండ్రుకలతో పుట్టిన బిడ్డలకు కన్నుల ఊగులాట తరచు వచ్చుట ఇందుకు నిదర్శనము. ఇందు తల్లిని నిందించుటకు తావులేదు. బిడ్డను త్వరగా చూపించుటకు మాత్రము కారణమున్నది.

గనిలోనికి దిగెడి కార్మికునికి నిర్ణీతకాలమున వైద్యపరీక్ష జరుగును; చూపు చాలనివాడు యంత్రమువద్ద నిలువరాదని నియమము. తండ్రి కన్నులకున్న ఈ రక్షణ బిడ్డ కన్నులకు ఇంటిలోనే మొదలు కావలెను. తల్లి గమనింపదగిన గురుతులు కొన్ని చెప్పెదను. మెడకండరపు బిగువువలన కలిగిన వంపు పుట్టిన కొద్దివారములలోనే కనబడును. మెడను చేతితో త్రిప్పినను తిరుగదు. కంటివలన కలిగినది బిడ్డ కూర్చుండ నేర్చిన తరువాత తరచు బయటపడును. చేతితో త్రిప్పిన తల తిరుగును, విడువగానే పోవును. నిద్రలో తల తిన్నగానుండును. రెండు బొమ్మలవలన వంగిన తల ఒక కంటిని మూయగానే నిలువగును. ఊగెడి కన్నులకు మాత్రము ఈ చివరి గురుతు చెల్లదు. అంతకుముందు సరిగానున్న బిడ్డకు అకస్మాత్తుగా తల వంగి, తలనొప్పి, వాంతులు కలిగినచో అది మెదడులోని వ్యాధి కావచ్చును. ఒక్కదినమైనను జాగు చేయరాదు.

మరియొక హెచ్చరిక. మెల్లకన్నుతో తల వంచిన బిడ్డ వైద్యము లేకుండనే తల నిలిపెనని సంతోషింపవలదు. రెండు కన్నులను కలుపుటకు చేయు ప్రయత్నమును ఆ బిడ్డ విడిచినట్లు అది సూచన కావచ్చును. ఒక కంటి బొమ్మను మెదడు త్రోసివేయుట అలవాటైనచో, పసితనము దాటిన వెనుక దానిని మరల నేర్పుట కష్టము. వంగిన తల ఆ రెండు కన్నులకు కాపలా కాచుచుండెను. ఆ కావలివాని బలవంతముగా తొలగింపరాదు.

నూనె రాచి మెడ తోమిన చేతులలో ప్రేమ కొరవడలేదు. వంకరమెడను కోసిన వైద్యులలో నేర్పు కొరవడలేదు. ఇరువురును బిడ్డను అడుగవలసిన ప్రశ్నను అడుగలేదు: నీవేమి చూడవలెనని తల త్రిప్పితివి? గనికార్మికుని యెడ ఆ ప్రశ్న అడిగినవారు గనిలో దీపము మార్చిరి. పసివాని యెడ అడిగినవారు కండరమును కొలతతో జరిపిరి. తల వంచిన బిడ్డ కనబడినపుడు మనమును గద్దించుటకు ముందు ఆ ప్రశ్న అడిగి, ఆ బిడ్డను కంటివైద్యునియొద్దకు గొనిపోయినచో అది ఎవరికిని తలవంపు కాదు.